చెంచమ్మ నోటికి తాళం

చెంచమ్మ కడుపులో అన్నం నిలుస్తుంది, మజ్జిగ నిలుస్తుంది, రెండో రోజు చేపల పులుసైతే ఇంకా బాగా నిలుస్తుంది. నిలవనిది మాట ఒక్కటే. చెవిలో పడిన మాట కడుపు దాకా దిగదు. గొంతు దగ్గరే వెనక్కి తిరిగి నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. ఈ సంగతి జువ్వలదిన్నెలో ఎవరినడిగినా చెబుతారు. అడగకపోతే చెంచమ్మే చెబుతుంది.

"నా నోట్లో నువ్వుగింజ నానదబ్బా. మా అమ్మకూ అంతే," అంటుంది, తాతల నాటి ఆస్తి గురించి చెప్పుకున్నట్టు.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చింది దుర్గ. వాకాడు దగ్గర ఆమె పుట్టిల్లు వేరే రకం. ఆ ఇంట్లో ఏం కూర వండారో వాసన బట్టి కనుక్కోవాల్సిందే తప్ప ఎవరూ నోరు విప్పి చెప్పరు. పెళ్ళయిన కొత్తలో దుర్గ ఒకరోజు హార్బరుకు వెళ్తే, చేపల వేలం పాట దగ్గర కూర్చున్న ఆడవాళ్ళందరూ ఆమెను తెగ ఆప్యాయంగా చూశారు.

"గురక తగ్గిందామ్మా?" అని ఒకామె అడిగింది.

"మిరియాల పాలు తాగు, పోతాది," అని ఇంకొకామె ధైర్యం చెప్పింది.

దుర్గ ఇంటికొచ్చి అత్తను నిలదీసింది. చెంచమ్మ నొచ్చుకుంది. "గురక పెట్టినా మా కోడలు బంగారమని గూడా చెప్పినా గదమ్మే. ఆ ముక్క ఎవురూ చెప్పలేదా నీకు?"

చెంచమ్మది చేపల వ్యాపారం. పొద్దున్నే హార్బరులో పాట పాడి చేపలు కొని, గంప షేరాటోలో వేసుకుని కావలి పోయి వీధుల్లో అమ్ముతుంది. వ్యాపారంలో కూడా ఆమెకు రహస్యం లేదు. "వంజరం తాజాది. ఈ కానాగంతలు మాత్రం నిన్నటివి, ఐసులో పెట్టినా," అని గంప దించకముందే చెప్పేస్తుంది. పాటలో తనకెంతకు పడిందో, అందులో తనకెంత మిగలాలో, మిగిలినదాంతో ఏం కొనబోతుందో కూడా చెబుతుంది. విన్నాక బేరం ఆడటానికి ఎవరికీ నోరు రాదు. దానివల్ల ఆమె గంప అందరికంటే ముందు ఖాళీ అవుతుంది. ఇది కిటుకని తోటి అమ్మకందార్లు అనుకుంటారు. కిటుకు కాదు, జబ్బే.

మొగుడు చిన్నపోలయ్య వలలు బాగుచేస్తాడు. మాట్లాడడు. పెళ్ళయిన కొత్తలో మాట్లాడటానికి కొన్నిసార్లు ప్రయత్నించాడనీ, సందు దొరక్క మానుకున్నాడనీ ఊళ్ళో అంటారు. కొడుకు పెంచల్ బోటు మీద పోతాడు. వాళ్ళ బోటు ఇంజను ముసలిదైపోయింది. కొత్త ఇంజను కోసం పెంచల్ తన వాటా సొమ్ము కూడబెట్టి, రొయ్యల షెడ్డులో దుర్గ తెచ్చుకున్న కూలి కూడా కలిపి, ఆమె ఖాతాలో వేయించాడు.

"అమ్మకు మాత్రం చెప్పబాక. చెప్పినామంటే ఇంజను రాకముందే దాని గుర్రపు శక్తి ఎంతో కావలి దాకా తెలిసిపోతాది," అన్నాడు.

దుర్గ చెప్పలేదు. ఆ ఇంట్లో చెంచమ్మకు తెలియని విషయం అదొక్కటే.

ఒక గురువారం వాకాడులో దుర్గ చిన్నాన్న కూతురి పెళ్ళి వచ్చింది. వారం ముందు నుంచే చెంచమ్మ అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. "గురువారం మేమంతా పెళ్ళికి పోతుండాం. ఇంట్లో పిల్లి గూడా ఉండదు. తాళంచెవి కాళ్ళు కడుక్కునే తొట్టి వెనక పెడతా. గ్యాసు బండొస్తే ఎవురన్నా తీసి లోపల పెట్టించండి."

పెళ్ళి బాగా జరిగింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంటి తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి తొట్టి వెనకే ఉంది. గ్యాసు బండ కూడా లోపలే ఉంది. బీరువా మాత్రం బార్లా తెరిచి ఉంది.

"మర్యాదస్తుడు. మళ్ళా తాళం వేసి పోయినాడు," అంది చెంచమ్మ.

బంగారం అందరి ఒంటి మీదే ఉంది కాబట్టి దొంగకు పెద్దగా ఏం దొరకలేదు. దుర్గ వెండి పట్టీలు, ఒక పాత ఫోను, బీరువా అడుగున ఉండే రేకు పెట్టె పోయాయి. పెట్టెలో ఉన్నవన్నీ కాగితాలేనని చెంచమ్మ ఊపిరి పీల్చుకుంది. ఇంటర్ దాకా చదివిన దుర్గకు మాత్రం ఊపిరి ఆడలేదు. ఆ పెట్టెలో ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల జిరాక్సులు, చెంచమ్మ ఏటీఎం కార్డు ఉన్నాయి. చెంచమ్మ పొదుపు సంఘానికి లీడరు కావడంతో, సంఘంలో ఆడవాళ్ళందరి ఆధార్ జిరాక్సులూ, బ్యాంకు పుస్తకాల జిరాక్సులూ, ఫోను నంబర్లూ కూడా అందులోనే ఉన్నాయి.

స్టేషన్లో ఎస్సై ఓపిక గలవాడు. కుర్చీ వేయించి, నీళ్ళు తెప్పించి, కలం తీశాడు.

"ఆరోజు మీరు ఇంట్లో ఉండరని ఎవరెవరికి తెలుసమ్మా?"

"ఊరందరికీ సార్."

"తాళంచెవి ఎక్కడ పెడతారో?"

"ఊరందరికీ. గ్యాసు బండి అబ్బయ్యకు గూడా."

"ఊరికి బయటివాళ్ళకు?"

చెంచమ్మ కాస్త ఆలోచించింది. "షేరాటోలో చెప్పినా. కావలిలో చేపలమ్మే వీధుల్లో చెప్పినా, గురువారం రానని. బిట్రగుంటలో రైలు కోసం కూర్చుంటే పక్కన ఒకామె పలకరించింది, ఆమెకు చెప్పినా."

ఎస్సై కలం కింద పెట్టాడు. "అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు రాసుకుందామనుకున్నానమ్మా. ఇది ఓటర్ల జాబితా అయ్యేట్టుంది. సరే, ఏటీఎం కార్డు పిన్ నంబరు ఎవరికైనా తెలుసా?"

"కార్డు కవరు మీదే రాసిపెట్టినా సార్. మా పెంచల్ పుట్టిన సంవత్సరం. పంతొమ్మిది వందల..."

పక్కనున్న కానిస్టేబులు గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. దుర్గ తల కొంగులో దాచుకుంది.

ఫిర్యాదు కాగితం పట్టుకుని మర్నాడు అత్తాకోడళ్ళు బ్యాంకుకు పోయారు. అక్కడ బిందు అనే ఆఫీసరు ఉంది. మాగాణి వైపు వరి పండించే ఇంటి పిల్ల, నెమ్మదస్తురాలు. పోయిన కార్డును పనికిరాకుండా చేయించి, పాత ఫోనులోని సిమ్మును ఆపించి, అన్నీ విడమరిచి చెప్పింది.

"దొంగకు మీ బంగారం దొరకలేదమ్మా, మీ పేరు దొరికింది. మీ పేరుతో సిమ్ము తీసుకోవచ్చు, అప్పు తీసుకోవచ్చు."

"నా పేరు మీద అప్పు ఎవురిస్తారమ్మా? నాకే ఇయ్యడం లేదు," అంది చెంచమ్మ.

బిందు నవ్వు ఆపుకుని, దుర్గ ఫోనులో ఏదో నొక్కించింది. "ఆధార్‌లో మీ వేలిముద్రలకు తాళం వేయించాను. ఇక మీరు తీస్తేనే పనిచేస్తాయి."

చెంచమ్మ పది వేళ్ళూ ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది. "నొప్పేం తెలియలేదే," అంది.

ఆ నెల రేషను షాపులో వేలు పెడితే మిషను తీసుకోలేదు. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటుంటే చెంచమ్మ గంభీరంగా చెప్పింది. "నా వేళ్ళు తాళంలో ఉండాయి. తాళంచెవి మా కోడలి దగ్గర ఉండాది." దుర్గ ఫోనులో తాళం తీశాక మిషను ఒప్పుకుంది. బియ్యం తీసుకునే ఆడవాళ్ళు ఆ వేళ్ళను ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని చూశారు.

ఆరోజు బ్యాంకులో వాళ్ళు లేచి వచ్చేముందు బిందు ఇంకో మాట కూడా చెప్పింది. "మీ సంఘం వాళ్ళందరికీ చెప్పండి. ఎవరో ఒకరు ఫోను చేస్తారు. బ్యాంకంటారు, పోలీసులంటారు. మీ వివరాలన్నీ కరెక్టుగా చెబుతారు, పెట్టె వాళ్ళ దగ్గరుంది కదా. ఓటీపీ మాత్రం చెప్పకూడదు. పొరపాటున చెప్పి మోసపోతే వెంటనే పంతొమ్మిది ముప్ఫై నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి కూర్చుంటే ఆ కాసేపట్లో డబ్బు చేతులు దాటిపోతుంది."

చెంచమ్మ సంఘాన్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. కానీ అది బుద్ధులు చెప్పే ధోరణిలో ఉండేసరికి ఎవరికీ ఎక్కలేదు. చెంచమ్మ నోట కథ వినడానికి అలవాటు పడ్డ ఆడవాళ్ళు సగంలోనే ఆవలించారు. పుష్పకుమారి అనే పక్కింటామె పిల్లలకు జడలు వేయాలని లేచిపోయింది.

కొన్నాళ్ళకు కొత్త ఏటీఎం కార్డు వచ్చింది. మిషను దగ్గర నిలబడి కొత్త పిన్ను నొక్కుతూ చెంచమ్మ ఒక్కో అంకె పైకి చదువుకుంది. బిందు ఆమెచేత మళ్ళీ మార్పించింది. చెంచమ్మ మళ్ళీ చదువుకుంది. మూడోసారి నోట్లో వక్కాకు పెట్టించి నొక్కించారు.

"ఇది ఎవరికీ చెప్పొద్దు. నాకు కూడా," అంది బిందు.

"నీకు చెప్పకపోతే ఎట్టమ్మా? బ్యాంకే నీది గదా."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక దుర్గకు అనుమానం వచ్చి అడిగింది. "అత్తా, పిన్ను ఎవరికైనా చెప్పినావా?"

"లేదు," అంది చెంచమ్మ. కాసేపు వక్క నమిలింది. "ముందు రెండు అంకెలే చెప్పినా, మన సంఘంలో ఎలిశబెతుకు."

"అయ్యో అత్తా."

"మిగతా రెండూ ఆమెకు చెప్పలేదు. అవి కరుణాకుమారికి చెప్పినా. వాళ్ళిద్దరికీ నిరుడు కొళాయి దగ్గర గొడవైనప్పటి నుంచి మాటల్లేవు గదా. ఎట్ట కలుస్తాయి అంకెలు?"

దుర్గకు ఇక ఓపిక చచ్చిపోయింది. "నీ నోటి వల్లనే ఇల్లు దోచుకున్నారు అత్తా. వేళ్ళకు వేసినట్టు నీ నోటికి గూడా తాళం వెయ్యాల," అనేసింది. చెంచమ్మ మర్నాడు పగలంతా నిజంగానే నోరు మూసుకుంది. మధ్యాహ్నానికల్లా ఇరుగుపొరుగు వాళ్ళు జ్వరమేమోనని ఒకరి వెంట ఒకరు వచ్చి నుదురు పట్టుకుని చూసిపోయారు. సాయంత్రానికి ఆమె తనకు జ్వరం ఎందుకు రాలేదో వీధిలో నిలబడి వివరించడంతో మౌనవ్రతం ముగిసింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు, చెంచమ్మ చేపలు అమ్మడానికి పోయినప్పుడు, దుర్గ ఫోను మోగింది.

"దుర్గగారేనాండీ? మీ రేకు పెట్టె దొరికింది," అంది అవతలి గొంతు. గొంతులో మర్యాద ఉట్టిపడుతోంది. దుర్గ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఖాతా నంబరు చివరి అంకెలు అన్నీ తప్పులేకుండా చెప్పింది. "ఇంట్లో చదువుకున్నవారు మీరని మీకే చేస్తున్నాం. పెద్దవాళ్ళకు చెబితే కంగారుపడతారు. మీ ఖాతాకు తాళం వేస్తున్నామండీ. మీకొక నంబరు వస్తుంది, చదవండి చాలు."

తాళం అనే మాట విన్నాక దుర్గకు అనుమానం రాలేదు. వచ్చిన నంబరు చదివింది. గొంతు ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. తర్వాత ఫోనులో ఒక మెసేజీ వచ్చింది. అది చదివి దుర్గ వాకిట్లో అలాగే కూలబడిపోయింది. ఇంజను డబ్బంతా పోయింది.

అరుస్తూ వీధిలోకి పరుగెత్తాలనిపించింది. ఎవరికీ తెలియకుండా సముద్రంలోకి నడవాలనిపించింది. ఏదీ చేయకుండా, చేప శుభ్రం చేయడానికి పెట్టుకున్న కత్తిపీట ముందు కూర్చుని, చేప వైపు చూస్తూ ఉండిపోయింది. చెంచమ్మ ఖాళీ గంపతో వచ్చేసరికి ఆ చేప చుట్టూ ఈగలు ముసిరి ఉన్నాయి.

"ఏందమ్మే అట్టున్నావు?"

దుర్గ దాచాలనే అనుకుంది. ఊళ్ళో ఇంకెవరికి చెప్పినా చెప్పవచ్చు గానీ ఈమెకు చెప్పకూడదని తెలుసు. కానీ ఏడుపు ముందొచ్చింది, దాని వెంట మాట వచ్చేసింది. ఇంజను సంగతి, వాళ్ళు అత్తకు చెప్పకుండా దాచిన సంగతి, ఫోను సంగతి అన్నీ చెప్పేసింది.

చెంచమ్మ గంప కింద పెట్టింది.

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే. అన్నం వార్చినాక."

"లెయ్. ఫోను తియ్. పంతొమ్మిది ముప్ఫై నొక్కు."

చెంచమ్మే దుర్గ చేతిని పట్టుకుని నొక్కించింది. అవతలి వాళ్ళు అడిగినవన్నీ దుర్గ చెబుతున్నంతసేపూ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. తర్వాత ఇద్దరూ ఆటో పట్టుకుని బ్యాంకుకు పోయారు. బిందు ఖాతా ఆపుచేసి, అక్కడా ఇక్కడా మాట్లాడి, చివరకు చెప్పింది. "త్వరగా ఫోను చేశారు కాబట్టి డబ్బులో పెద్ద భాగం మధ్యలో ఆగినట్టుంది. తిరిగి రావడానికి టైం పడుతుంది. వస్తుందని నమ్మకంగానే ఉండండి."

తిరుగు ఆటోలో దుర్గ అత్త చేయి పట్టుకుంది. "అత్తా, నీకు దండం పెడతా. ఎవరికీ చెప్పబాక. ఆయనకు నేనే నిదానంగా చెప్పుకుంటా."

చెంచమ్మ అవునని గానీ కాదని గానీ అనకుండా రోడ్డు పక్క ఉప్పు పండించే కయ్యల వైపు చూస్తూ కూర్చుంది. ఆ ముఖం దుర్గకు తెలుసు. మాట గొంతు దాకా వచ్చినప్పుడు చెంచమ్మ ముఖం అలాగే ఉంటుంది.

ఆటో హార్బరు దగ్గర ఆగింది. మధ్యాహ్నం బోట్లు వచ్చి చేపల పాట జోరుగా సాగుతోంది. సంఘం ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. చెంచమ్మ దిగీ దిగగానే షెడ్డు మధ్యకు పోయి నిలబడింది. దుర్గ షెడ్డు స్తంభం పట్టుకుని, ఇక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేననుకుంది.

"అందరూ వినండమ్మే. నాకు బుద్ధి లేదు," అని మొదలుపెట్టింది చెంచమ్మ.

రోజూ వినే మాటే కాబట్టి ఎవరూ తల తిప్పలేదు.

"ఎవుడో ఫోన్లో తియ్యగా మాట్లాడితే ఓటీపీ చెప్పేసినా. ఉన్న డబ్బులన్నీ ఊడ్చుకుని పోయినాడు."

ఇప్పుడు అందరూ తిరిగారు. పాట ఆగింది. దుర్గ తాను సరిగా విన్నానో లేదోనని స్తంభం వెనక నుంచి తల బయటపెట్టింది.

"నువ్వు చెప్పినావా?" అని ఎలిశబెతు అడిగింది.

"నేను గాక ఇంకెవురు చెప్తారే అంత తెలివిగా? మా కోడలైతే చెప్పేదా? అది చదువుకున్న పిల్ల. పక్కన లేకపాయె పాపం. ఉండుంటే నా నోరు మూసుండేది."

"ఎంత పోయింది అక్కా?"

"చెప్పను," అంది చెంచమ్మ.

చెంచమ్మ నోట ఆ మాట అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. డబ్బు పోవడం కంటే అదే పెద్ద విషయంగా అనిపించి కొందరు దగ్గరికి జరిగారు. చెంచమ్మ వాళ్ళకు పూసగుచ్చినట్టు చెప్పింది. పెట్టె దొరికిందన్నాడనీ, పేరూ తండ్రి పేరూ చెప్పాడనీ, చదువుకున్నవారంటూ పొగిడాడనీ చెప్పింది.

"నువ్వు చదువుకున్నావన్నాడా?" అని కరుణాకుమారి ఆశ్చర్యపోయింది.

"అన్నాడమ్మే. అందుకే పడిపోయినా."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య పుష్పకుమారి మాత్రం నవ్వలేదు. కొంగున కట్టిన ఫోను తీసి చేత్తో పట్టుకుంది. "అక్కా, పెట్టె దొరికిందని నాకు గూడా చేసినాడు. మళ్ళా చేస్తానన్నాడు. మా ఆయనకు చెప్పొద్దన్నాడని చెప్పలేదు," అంది. ఆ మాట పూర్తయ్యేలోపే ఇంకొకామె తనకూ వచ్చిందంది. అంతలోనే పుష్పకుమారి చేతిలో ఫోను మోగింది.

చెంచమ్మ ఫోను లాక్కుని స్పీకరు పెట్టించింది.

"పుష్పకుమారిగారేనా? మీకొక నంబరు వచ్చుంటుంది, అది చదవండి," అంది గొంతు.

"చదవతాలే నాయనా. ముందు నువ్వు అన్నం తిన్నావా?" అంది చెంచమ్మ.

"తిన్నానండీ. ఆ నంబరు..."

"ఏం కూర? మా ఇంట్లో ఈ పొద్దు చేప తెచ్చి పెట్టుకుని గూడా వండలేదు. ఎందుకంటే, ఆ గురువారం మేం పెళ్ళికి పోయినాం చూడు. వాకాడు. పెళ్ళికూతురు మా కోడలికి చిన్నాన్న కూతురు. సాంబార్లో ఉప్పెక్కువైంది. వంటాయనది తప్పు లేదు, ఇద్దరు వేసినారంట ఉప్పు..."

"అమ్మా, నంబరు చెప్పండి."

"అక్కడికే వస్తుండా. ఆ సాంబారు తిని నాకు షుగరు లేచింది. ఉప్పుకు షుగరు లేస్తాదా అని డాక్టర్ని అడిగినా. ఆయన ఏమన్నాడంటే..."

డాక్టరు ఏమన్నాడో వినకుండానే అవతల ఫోను పెట్టేశాడు. మళ్ళీ ఆ నంబరు నుంచి జువ్వలదిన్నెకు ఫోను రాలేదు. సంఘం ఆడవాళ్ళందరూ ఆ సాయంత్రమే వేలిముద్రలకు తాళాలు వేయించుకున్నారు. బుద్ధులు చెబితే ఆవలించినవాళ్ళు, చెంచమ్మ తెలివితక్కువతనం విన్నాక ఒక్కరూ మిగలకుండా జాగ్రత్తపడ్డారు.

పెంచల్ బోటు మర్నాడు ఒడ్డుకొచ్చింది. వార్త అతనికి బోటు దిగకముందే చేరింది. ఇంటికొచ్చి తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నీ నోటికి హద్దు లేదు. ఫోన్లో అడిగినోడికల్లా చెప్పేదేనా? ఇందుకే నీకేదీ చెప్పేది లేదనుకున్నా."

"నిజమే నాయనా. నాదే తప్పు," అంది చెంచమ్మ, చేప తోముతూ.

దుర్గ తలుపు దగ్గర నిలబడి విన్నది. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం ఆ పిల్లకు బాగా వచ్చిన విద్యే. కానీ ఆరోజు ఊరుకోలేకపోయింది. "అత్త కాదు, నేను. పోయింది అత్త డబ్బు కాదు, ఇంజను డబ్బు," అని జరిగిందంతా చెప్పేసింది.

పెంచల్ మంచం మీద కూర్చుండిపోయాడు. దుర్గ అతని కోపం కోసం కాచుకుని నిలబడింది. అతను ఒకసారి పెళ్ళాన్నీ ఒకసారి తల్లినీ చూశాడు.

"నిన్న మధ్యాహ్నం నుంచీ అమ్మకు ఇది తెలుసా?"

"తెలుసు."

"ఎవురికీ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"అమ్మకు ఒంట్లో బాగుందా?" అన్నాడు పెంచల్. డబ్బు గురించి అడగడం అతనికి ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

కొన్ని వారాలు తిరిగిన మీదట డబ్బు చాలా వరకు తిరిగొచ్చింది. తగ్గినదాన్ని ఇంకో సీజను చూసి పూడ్చుకుందామనుకున్నారు. రేకు పెట్టె కాలువ పక్క తుమ్మ పొదల్లో ఖాళీగా దొరికింది. పెట్టెలో కాగితాలు అమ్ముకున్నవాణ్ణి పోలీసులు వేరే ఊళ్ళో పట్టుకున్నారు. వాడు షేరాటోలో చెంచమ్మ ఎదురుగా కూర్చుని పోయినవాడేనని తేలింది.

ఈలోపు దుర్గ ఒక సంగతి గమనించింది. అత్త నోటి నుంచి ఇన్నాళ్ళలో తన ఇంటి సంగతులు వెయ్యి విన్నది గానీ, పక్కింటి సంగతి ఒక్కటి కూడా వినలేదు. కొళాయి గొడవ ఊరంతా చూసింది కాబట్టి లెక్కలోకి రాదు. ఒడ్డున వల బాగుచేస్తున్న మామ దగ్గర కూర్చుని ఆ మాటే అంది.

చిన్నపోలయ్య నూలు కండె పక్కన పెట్టాడు. ఆయన మాట్లాడబోతున్నాడని దుర్గకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఊళ్ళో ఆడోళ్ళకు ఏ కష్టమొచ్చినా వచ్చి మీ అత్త చెవిలో వేస్తారమ్మా. ఎవురి పేరూ బయటికి రాకుండా దానికి విరుగుడు కనుక్కోవాల గదా. అందుకని అదంతా మా ఇంట్లో జరిగినట్టు చెప్పి నలుగుర్నీ అడగతాది."

"అంటే, మామా..."

"నాకు ఒకసారి పేకాట అలవాటైంది. నేను పేకముక్క పట్టుకుని ఎరగను. ఒకసారి పెళ్ళాన్ని కొట్టినానని పెద్దమనుషులు పిలిపించి గడ్డి పెట్టినారు. ఆ గడ్డి పడాల్సినోడు పక్కనే కూర్చుని విన్నాడు, మారినాడు. నాకు పోయిందేం లేదులే," అని ఆయన మళ్ళీ కండె అందుకున్నాడు. ఆ ఏడాదికి ఆయన మాటల కోటా అయిపోయింది.

మొన్న ఒకరోజు పుష్పకుమారి పెరటి దారిన వచ్చి చెంచమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఆమె మొగుడు చిన్నబాబు కొన్నాళ్ళుగా ఆటోలో కూడా నిలబడే ప్రయాణం చేస్తున్నాడనీ, డాక్టరు దగ్గరికి పోదామంటే సిగ్గుతో చస్తున్నాడనీ దుర్గ విననట్టే విన్నది.

మరునాడు పొద్దున దుర్గ మామకు చద్దన్నం తీసుకుని హార్బరుకు పోయింది. చిన్నపోలయ్య టీ కొట్టు బెంచీ మీద హాయిగా కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కనే చిన్నబాబు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇంతలో చేపల పాట దగ్గర నుంచి చెంచమ్మ గొంతు ఖంగున వినిపించింది.

"అక్కా, కావలిలో మొలలకు మంచి డాక్టరు ఎవురుండారే? మా ఆయన కూర్చోలేకుండా ఉండాడు. చెప్పుకునేదానికి సిగ్గంట. ఇంత వయసొచ్చినాక సిగ్గేందని నేను తిడతుండా."

నాలుగు వైపుల నుంచి నలుగురు నాలుగు పేర్లు చెప్పారు. కరుణాకుమారి ఒక డాక్టరు ఇంటి గుర్తులు కూడా చెప్పింది. చిన్నబాబు ముఖం పక్కకు తిప్పుకుని, ఆ గుర్తులు మాత్రం చెవులు రిక్కించి విన్నాడు.

చిన్నపోలయ్య పాట వైపు ఒకసారి చూసి నిట్టూర్చాడు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని, మెల్లగా బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"కూర్చో పోలయ్యా, ఎందుకు లేచినావు?" అన్నాడు టీ కొట్టాయన.

"ఈ వారమంతా ఇంతేలే," అన్నాడు చిన్నపోలయ్య. కోడలి చేతిలో చద్దన్నం గిన్నె చూసి, గొంతు తగ్గించి, "ఇది గూడా నిలబడే తినాలేమో కనుక్కోమ్మా మీ అత్తను," అన్నాడు.

దుర్గ గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత పాట దగ్గరికి పోయి, అందరికీ వినబడేట్టు, "అవునమ్మా, మా మామ చాలా ఇబ్బంది పడతుండాడు. మేం ఎల్లుండి పోతుండాం డాక్టరు దగ్గరికి. ఎవురన్నా తోడు వచ్చేవాళ్ళుంటే రావచ్చు," అంది.

అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడటం జువ్వలదిన్నెలో ఎవరూ అంతకుముందు వినలేదు. చెంచమ్మ గంప సర్దుకుంటూ, "చూసినారా, బంగారమని నేను ఊరికే చెప్పలా," అంది.